జక్రయ్య వాటా

సత్తెనపల్లి రోడ్డులో ఉన్న మా మిర్చి కోల్డ్ స్టోరేజీకి త్రినాథ్ ఎప్పుడొచ్చినా టీ బాగాలేదంటూనే రెండు కప్పులు తాగుతాడు. ఈసారి బయటి నెట్ దాడుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి వచ్చాడు. మాకున్నది ఒక్కటే సర్వర్. ఉమ్మడి ఇంట్లో వాటాల్లా దాని మెమరీని అందులోనే నడిచే నాలుగైదు వర్చువల్ మెషీన్లకి, అంటే ఉత్తుత్తి కంప్యూటర్లకి, పంచారు. కొత్త ఫైర్‌వాల్‌కి పాత వాటా చాలదట.

"ఇదేంటండీ అనీసా గారూ, ఈ మెషీన్ పేరు జక్రయ్య?" అన్నాడు స్క్రీన్ చూపిస్తూ.

జక్రయ్య మా కంప్యూటర్లు చూసుకున్న మనిషి. నిరుడు గుండెపోటుతో పోయాడు. గొంతు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. ఒకసారి బస్తాలు మోసే ఓ ముఠా కూలీ చలి చాంబర్లో ఉండగానే తాళం వేశారు, వాడు చావు తప్పి బయటపడ్డాడు. అప్పుడు జక్రయ్య తన గొంతే రికార్డు చేసి స్పీకర్లకి కలిపాడు. రోజూ తలుపులు వేసే ముందు అది అడుగుతుంది: "లోపల ఎవరన్నా ఉన్నారా? బయటికి రండి." చాంబర్లు ఊడ్చే అతని భార్య జయకుమారి ఆ పిలుపు విన్నాకే చీపురు దించుతుంది. మేం కేకెయ్యడం ఎప్పుడో మానేశాం.

"దాన్ని ఉండనివ్వండి," అన్నాను.

"దీని వాడకం వారం సగటు చూడండి, పనే లేదు. మెమరీ మాత్రం పట్టుకుని కూర్చుంది. దయ్యాలకీ వాటా ఇస్తే నేను ప్లానెలా వెయ్యాలండీ?" నవ్వుతూ ఒక్క నొక్కుతో ఆ మెషీన్‌ని ఆపేశాడు.

నాకు నవ్వు రాలేదు. పోయినవాడి పేరు మీద అలా నొక్కడం పాపమనిపించింది. చెబితే వినే రకమా? సగటు చెప్పిందే వేదం మహానుభావుడికి.

సాయంత్రానికి కొత్త ఫైర్‌వాల్ లేచింది. త్రినాథ్ బ్యాగు సర్దుకుంటున్నాడు. యార్డంతా చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. తాళాల గుత్తితో వాచ్‌మన్ మాబు వచ్చాడు.

"తలుపులేశావా? స్పీకర్ మోగలేదుగా!" అన్నాను.

"టైమైందని ఏసేశానండి. మోగలేదా?"

"జయకుమారేదిరా?"

మాబు తాళాల గుత్తితో చాంబర్ల వైపు తిరిగాడు. ముగ్గురం పరిగెత్తాం. ఆ గొంతు స్పీకర్ డబ్బాలోనే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది త్రినాథ్ ఆపేసిన ఆ మెషీన్‌లో ఉంది. రోజంతా మౌనంగా ఉండి, ఒక్కసారి నోరు విప్పేదాన్ని సగటు ఎలా పట్టుకుంటుంది?

మూడో చాంబర్ తలుపు తీశాం. జయకుమారి మిర్చి టిక్కీ బస్తాల మధ్య కొంగు కప్పుకుని కూర్చుంది. వణుకుతోంది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"తలుపు కొట్టలేదేంటే పిచ్చిదానా?" ఏడుపు ఆగక అరిచాను.

"ఆయనింకా పిలవలేదుగా, అనీసమ్మా."

త్రినాథ్ ఆఫీసులోకి పోయాడు. కొత్త ఫైర్‌వాల్ ఆపి, పాతదాన్ని లేపి, జక్రయ్య వాటా జక్రయ్యకి ఇచ్చి ఆ మెషీన్‌నీ లేపాడు. యార్డులో దుప్పటి కప్పుకున్న జయకుమారికి నేను టీ తాగిస్తుంటే స్పీకర్ గరగరలాడింది.

"లోపల ఎవరన్నా ఉన్నారా? బయటికి రండి."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"వచ్చేశాలే. ఇయ్యాల ఎంత లేటు చేశావయ్యా," అంది.