మూడో బంతి

నేను ఒక ప్లాస్టిక్ మిషన్‌ను. ఆసుపత్రి కాగితాల్లో నా పేరు స్పైరోమీటర్. ఆ పేరు తడబడకుండా పలికిన రోగిని ఇంతవరకు చూడలేదు. అందరూ బంతుల మిషన్ అంటారు, నాకూ అదే బాగుంటుంది. పక్కపక్కనే నిలబెట్టిన, లోపలిది కనిపించే మూడు గొట్టాలు, ఒక్కో గొట్టంలో ఒక్కో తేలికపాటి బంతి, పక్కన నోట్లో పెట్టుకునే పైపు. నేనంటే అంతే. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. కొద్దిగా పీలిస్తే ఒకటి, గట్టిగా పీలిస్తే రెండు, రొమ్ము నిండా పీలిస్తే మూడూ. ఛాతీ కోసి ఆపరేషన్ చేసినవాళ్ళకు ఊపిరితిత్తులు మూసుకుపోకుండా నాతో కసరత్తు చేయిస్తారు.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. కాగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి, చల్లార్చి, బయటికి తీశారు. బంతులు వేసి మూత బిగించే పని ఒక ఆవిడ చేసేది. ఆమె ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకుని పనిచేసేది. నా జీవితమంతా మనుషుల ఊపిరితో గడవాల్సి ఉండగా, నేను మొదట చూసిన మనిషి ఊపిరి నాకు తగలనే లేదు. అక్కడి నుంచి అట్టపెట్టెలో కరీంనగర్ చేరి, ఒక పెద్ద ఆసుపత్రి మందుల దుకాణంలో అల్మారా ఎక్కాను.

నన్ను కొన్నది ఓదెలు. జగిత్యాలలో బట్టలు కుట్టే మనిషి. సన్నగా ఉంటాడు, మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. ఆ రోజు ఆసుపత్రికి కూడా టేపుతోనే వచ్చాడు, తీయడం మరిచిపోయినట్టున్నాడు. భార్య భూదేవికి మర్నాడు గుండె ఆపరేషన్.

భూదేవి బస్సు కండక్టరు. నలభై ఆరేళ్ళు. చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో జ్వరం వచ్చి, నెల రోజులు మంచం పట్టిందట. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక వాల్వును పాడుచేసి పోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆమె పెరిగింది, పెళ్ళి చేసుకుంది, కూతురిని కన్నది, ఇరవై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టింది. మొన్న ఎండాకాలంలో ధర్మపురి బస్సులో జనాన్ని తోసుకుంటూ వెనక్కి పోతుంటే ఊపిరి అందక ఫుట్‌బోర్డు మెట్ల మీద కూలబడింది. డ్రైవరు బస్సు ఆపి, మంచినీళ్ళు తాగించి, ఆ బస్సులోనే జగిత్యాల ఆసుపత్రి ముందు దింపాడు. అక్కడినుంచి పరీక్షలు, పరీక్షల మీద పరీక్షలు, చివరికి కరీంనగర్.

నన్ను ఎలా వాడాలో నేర్పింది గ్లోరీ మేడం. ఆపరేషన్ అయినవాళ్ళకు వ్యాయామం నేర్పే ఆవిడ. భూదేవి పైపు నోట్లో పెట్టుకుని బలంకొద్దీ ఊదింది. నా బంతులు కదల్లేదు.

“ఊదుతున్నవమ్మా. పీల్చాలె,” అంది గ్లోరీ మేడం.

“ఇరవయ్యేండ్ల సంది విజిలు ఊదుడే అలవాటు మేడం. పీల్చుడు నాకెవ్వలు నేర్పలే.”

రెండోసారి పీల్చింది. ఒక బంతి లేచింది. భూదేవి కళ్ళు మెరిశాయి. రేపు తన రొమ్ము ఎముకను రంపంతో కోస్తారని తెలిసిన మనిషి, ఒక బంతి లేచినందుకు సంతోషపడింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పాడైన వాల్వు తీసి కొత్తది కుట్టారు, కోసిన ఎముకను సన్నటి స్టీలు తీగలతో బిగించారు. మూడో రోజు నన్ను మళ్ళీ చేతికిచ్చారు. ఆ రోజు ఆమె పీల్చిన గాలికి మొదటి బంతి కొంచెం వణికి ఊరుకుంది. దగ్గు వచ్చింది. దగ్గు వస్తే ఛాతీ చీలిపోతున్నట్టు ఉంటుంది కాబట్టి ఒక దిండును రొమ్ముకు అదుముకుని దగ్గాలి. ఆమె దిండును అదుముకుంది, దగ్గింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ పైపు నోట్లో పెట్టుకుంది. ఇంటికి పంపేనాటికి ఒక బంతి పూర్తిగా, రెండోది సగం.

జగిత్యాలలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుగదిలోనే ఓదెలు కుట్టుమిషన్. నా చోటు కిటికీ అరుగు మీద. అక్కడినుంచి గల్లీ అంతా కనిపిస్తుంది. గేటు, కరెంటు స్తంభం, ఆ వెనక పిండి గిర్ని, గల్లీ చివర నీళ్ళ ట్యాంకు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మొదటి వారం గేటు దాకా, రెండో వారం స్తంభం దాకా, ఆపైన గిర్ని దాకా నడవాలి. మూడు నెలలు బరువు ఎత్తకూడదు. మంచం మీంచి చేతులు ఊని లేవకూడదు, పక్కకు దొర్లి లేవాలి. రక్తం పలచన చేసే మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మొదటి రెండు వారాలు కూతురు శ్రావ్య పక్కనుండి అన్నీ చేసింది. తర్వాత పరీక్షలని వరంగల్ కాలేజీకి వెళ్ళిపోయింది.

ఓదెలు మంచివాడు. కానీ ఇరవై ఐదేళ్ళ సంసారంలో నల్లా వచ్చే వేళ అతనికి తెలియలేదు. శ్రావ్య వెళ్ళిన నాలుగో రోజు, అతను గుండీలు తెస్తానని బజారుకు పోయిన సమయంలో నల్లా వచ్చింది. భూదేవి కాసేపు చూసింది. గడప పక్కన నల్లా కింద పెట్టిన బిందె నిండి పొర్లుతోంది. ఎవరో ఒకరు వస్తారని గేటు వైపు చూసింది. తర్వాత వంగి బిందె ఎత్తింది.

ఆమె ఛాతీలో టక్కుమన్న చప్పుడు నాకు వినబడిందని అనను గానీ, ఆమెకు వినబడింది. బిందె జారిపోయి నీళ్ళు గదంతా పారాయి. ఆమె గోడకు ఆనుకుని, అలాగే జారి కూర్చుంది.

ఓదెలు వచ్చేసరికి ఆ నీళ్ళలోనే ఉంది. “ఏమైందే? ఏమైందే భూదేవీ?”

“తీగ తెగింది గావచ్చు,” అంది ఆమె. మాట చాలా మెల్లగా వచ్చింది.

తెగలేదు. కరీంనగర్ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే ఎముక కదలలేదని, కండరం పట్టేసిందని చెప్పారు. డాక్టరు ఇద్దరినీ కలిపి తిట్టాడు. ఆ రోజు నుంచి నీళ్ళు పట్టడం ఓదెలు పని. అంతవరకు బాగానే ఉంది. కానీ భూదేవికి భయం పట్టుకుంది. నడక మానేసింది. నన్ను ముట్టుకోవడం మానేసింది. దగ్గు వస్తే మింగేది. పది రోజుల్లో నా మీద దుమ్ము పేరుకుంది. ఓదెలు బతిమాలితే గోడ వైపు తిరిగి పడుకునేది.

“లోపల పట్టుకున్నది నాకు తెలుస్తది. నువ్వు కుట్టిన రవిక కాదిది, విప్పి మళ్ళ కుట్టేటందుకు,” అంది ఒకసారి.

అతను లేచి వచ్చి కిటికీ అరుగు మీంచి నన్ను తీసుకుని, ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“ఇదేమన్న పెద్ద పనా? సూడు, నేను చేస్త,” అని పైపు కడిగి నోట్లో పెట్టుకుని పీల్చాడు.

ఒక బంతి లేచింది. అంతే. మళ్ళీ పీల్చాడు. రెండో బంతి కదిలింది, లేవలేదు. మూడోసారి పీలుస్తుంటే దగ్గు తెర ఎగదన్నుకొచ్చింది. బీడీల దగ్గు. వంగిపోయి దగ్గుతూ నన్ను వదిలేశాడు. నేను గచ్చు మీద పడ్డాను.

భూదేవి నవ్వింది. నవ్వితే నొప్పి కాబట్టి దిండు లాక్కుని రొమ్ముకు అదుముకుని మరీ నవ్వింది. ఇంటికొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత నవ్వు ఆపి అతన్ని చూసింది.

“కోసింది నన్ను. నీకెందుకయ్యా ఊపిరందతలేదు?”

అతను చొక్కా జేబులోని బీడీ కట్టను అరచేత్తో కప్పుకున్నాడు.

“రేపు పొద్దున నేను నడుస్త. నువ్వు గూడ నా ఎంబడి రావాలె. బీడీ కట్ట ఇంట్ల కనవడితే పొయ్యిల ఏస్త.”

మర్నాటి నుంచి ఇద్దరూ నడిచారు. స్తంభం దాకా, గిర్ని దాకా, నీళ్ళ ట్యాంకు దాకా. అతను ఎన్ని బీడీలు మానాడో, ఎన్ని దుకాణం వెనక తాగాడో నాకు తెలియదు. నాకు తెలిసింది అతని దగ్గు తగ్గిందని. కొన్నాళ్ళకు భూదేవి ట్యాంకు దాటి పెద్దరోడ్డు మీద బస్సులు కనిపించే చోటు దాకా వెళ్ళి, రెండుసార్లు తిరిగి రాసాగింది. వంట చేసుకుంటోంది. మాట్లాడుతుంటే మధ్యలో ఆగడం లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ రోజు గచ్చు మీద పడినప్పుడు నాకు మూడో గొట్టం పైభాగాన, మూత అంచు కింద ఒక పగులు వచ్చింది. వెంట్రుక మందం. కంటికి కనబడదు. కానీ పీల్చినప్పుడు అందులోంచి గాలి దొంగదారిన వచ్చేస్తుంది. మొదటి రెండు బంతులు మామూలుగా లేస్తాయి. మూడోది ఎంత పీల్చినా లేవదు.

భూదేవి రోజూ పొద్దున పది, సాయంత్రం పది సార్లు పీల్చేది. రెండు బంతులు టక్కున లేచేవి. మూడోది అడుగునే ఉండేది. ఓదెలుకూ అంతే. అతను “నాకు బీడీలు, నీకు ఆపరేషన్” అని సర్దిచెప్పుకున్నాడు. ఆమె అలా సర్దుకోలేదు. డ్యూటీకి పోవాలంటే వైద్య పరీక్ష పాస్ కావాలి. ఆమె మనసులో ఆ పరీక్షకు కొలత నా మూడో బంతి. గల్లీ పొడవు, పెద్దరోడ్డు దాకా నడక, వంటపని, ఇవేవీ ఆమె లెక్కలోకి రాలేదు. మనుషులు తమ కాళ్ళు చెప్పే మాట నమ్మరు, వస్తువు చెబితే నమ్ముతారు. ఆ వస్తువు విరిగిపోయి ఉండొచ్చన్న ఆలోచన మాత్రం వాళ్ళకు రాదు.

మూడో నెల చివరలో ఒక సాయంత్రం ఆమె నన్ను పక్కన పెట్టి, “రాయి” అంది.

“ఏం రాయాలె?”

“బస్సు మీద చెయ్యలేనని. డిపోల కూసుండే పని ఇయ్యిమని. ఎప్పటికి గదే ఇయ్యిమని.”

ఓదెలు మొదటినుంచీ కోరుకున్నది అదే. ఆసుపత్రిలో ఉన్నప్పుడే, ఇక బస్సు వద్దని ఆమెతో అన్నాడు. “కూసునే పనికైతే నేను కండక్టరు ఎందుకైన?” అని ఆమె అప్పుడు కసురుకుంది. ఇప్పుడు ఆమే రాయమంటోంది. కుట్టుమిషన్ మీద కాగితం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి రాశాడు. ఆమె సంతకం పెట్టి మడిచి సంచిలో పెట్టింది. మర్నాడు కరీంనగర్‌లో చూపించుకోవాలి. అదే సంచిలో నన్నూ పెట్టుకుంది.

డాక్టరు చూసి బాగుందన్నాడు. తర్వాత గ్లోరీ మేడం గది.

“ఎట్లున్నవు భూదేవమ్మా? ఎన్ని బంతులు?”

“రెండే మేడం. మూడోది లేస్తలేదు. నెలన్నర అయితుంది, లేస్తనే లేదు.”

“ఏదీ, చెయ్యి.”

పీల్చింది. రెండు లేచాయి, మూడోది లేవలేదు. గ్లోరీ మేడం మొహం చిట్లించింది. అయితే ఆమె చూసింది నన్ను కాదు, భూదేవిని. అంత లోతుగా పీల్చినా భుజాలు ఎగరడం లేదు, ఆయాసం లేదు. అల్మారాలోంచి కొత్త మిషన్ ఒకటి తీసి కవరు చించి ఆమె చేతికిచ్చింది. “దీన్ని పీల్చు.”

మూడు బంతులూ ఒక్కసారే పైకి లేచి మూతలకు తగిలాయి. అక్కడే నిలబడ్డాయి. గ్లోరీ మేడం అయిదు దాకా లెక్కపెట్టింది, ఏడు దాకా పెట్టింది. భూదేవి పైపు తీసి బంతుల వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

గ్లోరీ మేడం నన్ను వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది, మూత అంచు మీద గోరుతో గీకింది. “పగిలింది గదమ్మా ఇది! ఎక్కడన్న పడేసిన్రా?”

భూదేవి మెల్లగా ఓదెలు వైపు తిరిగింది. ఓదెలు మెడలోని టేపు సర్దుకున్నాడు.

“ఆ దిక్కుమాలిన దగ్గు,” అన్నాడు.

“దినాం ఎంత నడుస్తున్నవు?” అని అడిగింది గ్లోరీ మేడం.

భూదేవి చెప్పింది. పెద్దరోడ్డు దాకా పోవడం, రెండుసార్లు తిరిగి రావడం, ఎక్కడా ఆగకపోవడం.

“అంత నడిచెటోళ్ళు బంతిని జూసి భయపడుడేందమ్మా? బంతి ఊపిరితిత్తుల కోసం. నువ్వు బాగైనవో లేదో నీ నడక జెప్తది.”

తర్వాత ఆమె చేతుల కసరత్తులు, మెట్లు ఎక్కే పద్ధతి చెప్పింది. బస్సులో పై రాడ్డు పట్టుకుని నిలబడాలి కాబట్టి చేయి ఎత్తడం ఏ వారం ఎంతో వివరించింది. ఇవన్నీ గుర్తుండవని కాగితం అడిగింది. భూదేవి సంచిలోంచి మడత కాగితం తీసి, ఓదెలు రాసిన వైపు కిందకు పెట్టి ఇచ్చింది. గ్లోరీ మేడం దాని వెనక కసరత్తులన్నీ రాసింది. అటువైపు ఏముందో ఆమె చూడలేదు. ఓదెలు చూశాడు.

కొత్త మిషన్ వాళ్ళతో వెళ్ళింది. నన్ను చెత్తబుట్టలో వేయబోయిన గ్లోరీ మేడం ఎందుకో ఆగి, కడిగి, తన బల్ల మీద పెట్టుకుంది. ఇప్పుడు కొత్త రోగులు వస్తే నన్ను చూపించి, మిషన్ కింద పడేస్తే ఏమవుతుందో చెబుతుంది. ఎవరూ పీల్చరు. బంతులు అడుగునే ఉంటాయి. పనిచేయని వస్తువుకు ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

భూదేవి మళ్ళీ వచ్చింది మూడు నెలల తర్వాత. చీర మీద ఖాకీ కోటు, భుజాన తోలు సంచి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. కొంచెం నల్లబడింది. వైద్య పరీక్షలో పాసైనా మొదట కొన్నాళ్ళు బస్టాండులో కూర్చోబెట్టారట. అక్కడ ఊరికే కూర్చోలేక రోజూ మేనేజరు గది చుట్టూ తిరిగిందట. పోయిన నెల నుంచి మళ్ళీ ధర్మపురి బస్సు.

“మొదటి దినం భయమైందా?” అని అడిగింది గ్లోరీ మేడం.

“అయింది. లేదంటే అబద్ధం. జనం మీదికొస్తుంటే చెయ్యి దానంతటదే రొమ్ము మీదికి పోయింది. రెండు స్టేజీలు గట్లనే పట్టుకున్న. తర్వాత టికెట్లు కొట్టాలె గదా, తీసిన.”

“మీ ఆయన?”

“బీడీలు బందు జేసిండు. జేసిన్నని అంటండు. నేను పొద్దుగాల పోంగనే ఆ మిషన్ పట్టుకుంటడు. మూడు బంతులు లేపి శ్రావ్యకు ఫోన్ల వీడియో పంపిండు.”

అని నా వైపు ఒక్క చూపు చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు. రక్త పరీక్ష గది పై అంతస్తులో ఉంది. లిఫ్టు ముందు జనం ఉన్నారు. ఆమె గడియారం చూసుకుంది, తిరుగు బస్సు వేళవుతోంది. సంచి సర్దుకుని మెట్ల వైపు తిరిగింది.

తలుపు తెరిచే ఉంది. ఆమె అడుగులు నాకు వినబడ్డాయి. మొదటి మలుపు దాటాయి. రెండోది దాటాయి. ఎక్కడా ఆగలేదు.