తలుపుల జప్తు

పొద్దున్నే సూరమ్మ ఇంటి ముందు జీపు ఆగింది. అందులోని ఆర్‌ఐ దిగలేదు. ఊరి తలారి పోలారావు ఒక్కడే గునపం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, అక్క వరసయ్యే సూరమ్మ ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"అప్పా, నన్ను తిట్టుకోకు. పైనుంచి సెప్పినారు."

"ఏటి సెప్పినార్రా?"

"నీటితీరువా బకాయికి తలుపు జప్తు."

తలుపు ఊడదీయడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. కింద గునపం పెట్టి లేపితే మడతబందు మీంచి చెక్క పైకొస్తుంది. సూరమ్మ మామగారు పనస మాను కోయించి చేయించిన తలుపు అది. పోలారావు ఒక రెక్క తీశాడు, రెండో రెక్క తీశాడు, జీపు వెనక వేసి తాడుతో కట్టాడు. వీధిలో జనం అరుగుల మీద నిలబడి చూశారు. ఎవరూ నోరెత్తలేదు. రేపు తమ ఇంటి ముందు ఆగబోయే జీపును ఇవాళ కదిలించడం దేనికని ప్రతివాడూ మనసులో లెక్క వేసుకున్నాడు. పేదవాడి భయానికి ఎప్పుడూ ఈ లెక్కే తెలుసు.

జీపు వెళ్ళాక, తలుపు లేని గుమ్మంలోంచి సముద్రపు గాలి నేరుగా నడింట్లోకి వచ్చింది. అక్కడ నులకమంచం మీద సూరమ్మ మొగుడు కన్నయ్య పడుకుని ఉన్నాడు. కిడ్నీలు చెడి కాళ్ళు వాచిపోయాయి. ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి లేదు. పుష్యమాసపు చలికి వణుకుతూ, వీధిన పోయేవాళ్ళందరి కళ్ళూ తన ఒంటి మీదే ఉన్నాయని తెలిసి, అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సూరమ్మ తన పాత చీర తెచ్చి గుమ్మానికి కట్టింది. గాలికి అది ఆగలేదు.

అసలు ఆ బకాయి ఎలా వచ్చిందో చెప్పాలి. తుఫాను ఉద్దానం మీంచి వెళ్ళిన మరుసటి ఏడాది సంగతి ఇది. కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. ఊరి పల్లపు భూములకు నీళ్ళు తెచ్చే కాలువ ఇసక మేట వేసి పూడిపోయింది. చుక్క నీరు రాలేదు. నీటి పన్ను మాత్రం వచ్చింది. నష్టపోయినవాళ్ళు ఫలానా తేదీ లోపల మండలాఫీసులో దరఖాస్తు ఇచ్చుకుంటే మాఫీ చేస్తామని దండోరా వేశారు. సరిగ్గా ఆ గడువు రోజుల్లోనే ప్రభుత్వోద్యోగులు సమ్మెకు దిగారు. ఆఫీసుకు తాళం పడింది. సూరమ్మ కాగితం చేతబట్టుకుని, బస్సుకు డబ్బుల్లేక నడుచుకుంటూ, ఆ తాళాన్ని ఎన్నిసార్లు చూసి వచ్చిందో ఆమె కాళ్ళకే తెలియాలి.

సమ్మె తప్పని ఈ కథ అనడం లేదు. జీతం కోసం ఎవరు సమ్మె చేసినా అది హక్కే. కానీ సమ్మె ముగిశాక గుమాస్తాలకు జీతం వచ్చింది, సూరమ్మకు జరిమానా వచ్చింది. ఆఫీసు తెరిచారు. "మూసిన రోజుల పనే కొండంత ఉంది, నీ కాయితం పెండింగు" అన్నారు. మళ్ళీ వెళితే "గడువు దాటిపోయింది" అన్నారు. దరఖాస్తులు పెండింగులో ఉంటాయి, వసూళ్ళు ఉండవు. ఆలస్యం ఆఫీసుది, శిక్ష ఊరిది.

ఆ సాయంత్రం బడి వరండాలో ఊరు కూడింది. పలాస నుంచి సైకిల్ తొక్కుకుంటూ లోకనాథం వచ్చాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసి, సంఘం పెట్టినందుకు పని పోగొట్టుకున్నవాడు. అప్పట్నుంచీ రైతుకూలీ సంఘం పని మీద ఊళ్ళు తిరుగుతున్నాడు. పెద్ద మీటింగుల్లో గొంతు చించుకున్న మనిషి, ఇప్పుడు చిన్న మీటింగుల్లో దగ్గుతున్నాడు. అతనికీ అలసటగానే ఉంది. అయినా వచ్చాడు.

"ఏటి సేద్దాం, సెప్పండి" అన్నాడు.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఇంకో అర్జీ పెడదామని ఒకడు. చందా వేసుకుని గుమాస్తా చేతిలో పెడదామని ఒకడు. "నీటితీరువా ఏటి, ఇసకతీరువా అనాల" అని ఇంకొకడు అంటే నలుగురు నవ్వారు. ఆ నవ్వులో ఓపిక లేదు.

ఊరి పెద్ద రైతు మల్లేశ్వరరావు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. కండువా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఎవుడి మట్టుకు ఆడు బేగి సూసుకోవాల. నాను సమ్మె రోజుల్లోనే కాయితం ఇచ్చీసినాను. నాకు మాఫీ వచ్చీసింది. మీరు నిద్దరోతే ఆఫీసోల్ల తప్పేటి?"

కొంతమంది నిజమేనన్నట్టు తలూపారు. సూరమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకు మాట్లాడాలని లేదు. కానీ ఆ మాట ఆమెకు మింగుడు పడలేదు.

"సమ్మె రోజుల్లో ఆఫీసు మూసుంది గదా బాబూ. ఎవుళికిచ్చినావు?"

మల్లేశ్వరరావు కండువా మళ్ళీ సర్దుకున్నాడు. "అంటే... గుమాస్తా మనోడే. ఆల్లింటికాడ..."

"ఓలమ్మో, ఓలమ్మో!" అని వెనకనుంచి ఒక ఆడమనిషి గుండె మీద చెయ్యి వేసుకుంది. లోకనాథం నెమ్మదిగా అన్నాడు:

"సూసినారా? మనం ముందు గుమ్మంకాడ తాళం సూసుకుంటా నిలబడ్డాం. ఈ బాబు దొడ్డిగుమ్మంలోంచి ఎల్లొచ్చీసినాడు. ఆఫీసు అందరికీ మూయనేదర్రా. మనకే మూసీసినారు."

మల్లేశ్వరరావు లేచి వెళ్ళిపోయాడు. కుర్చీ మోసుకొచ్చిన పాలేరు మాత్రం ఆయన వెంట వెళ్ళలేదు, అక్కడే కింద కూర్చున్నాడు.

ఆ తర్వాత కోపం లేచింది. జీపు తగలెట్టాలన్నారు, ఆర్‌ఐని చెట్టుకు కట్టాలన్నారు. లోకనాథం వింటూ ఊరుకున్నాడు. అలాంటి కేకలు తెల్లారేసరికి చల్లారతాయని అతనికి తెలుసు. అరుపులు సద్దుమణిగాక సూరమ్మ మళ్ళీ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నా తలుపు పోనాదని కాదు నా సిగ్గు. నా ఒక్కదాందే పోనాదని సిగ్గు. మీరందరూ అరుగుల మీద నిలబడి సూసినారు. మీ ఇల్లకి తలుపులుండబట్టి గదా మీకంత దైర్యం? అందరి తలుపులూ పోనాయనుకో, ఇంక సిగ్గు ఎవుళికి? ఆల్లు వచ్చి ఒక్కోటీ పీక్కెళ్ళడం దేనికి? మనమే ఇప్పుకుని అట్టుకెళ్ళిపోదాం. తీసుకోమందాం. ఎన్ని తీసుకుంతారో సూద్దాం."

తలుపు తీయడమంటే మాటలు కాదు. లోపల చాటుగా ఉన్న లేమి అంతా వీధిన పడుతుంది. వయసొచ్చిన పిల్లలున్న ఇళ్ళున్నాయి, రోగులున్న ఇళ్ళున్నాయి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీటింగు అక్కడితో అయిపోయిందనే లోకనాథం అనుకున్నాడు.

అప్పుడు తలారి పోలారావు లేచాడు. అంతసేపూ వాడు వరండా కింద, మట్టిలో కూర్చుని ఉన్నాడు.

"పొద్దున ఈ సేతుల్తోనే అప్ప తలుపు తీసినాను. నా జీతమూ పెండింగేనర్రా. సమ్మె అయ్యాక పెద్దోల్లకొచ్చీసింది. తలారోడికి ఎవుడిత్తాడు?" అని, గునపం తీసుకుని తన ఇంటికి నడిచాడు. జనం వెంట వెళ్ళారు. వాడి పెళ్ళాం గుమ్మంలో నిలబడి చూస్తూంటే, వాడు సొంత తలుపు కిందకి గునపం పెట్టి లేపాడు.

ఆమె లోపలికి వెళ్ళి దీపం ఒత్తి తగ్గించింది.

తెల్లవారేసరికి ఊరంతా గునపాల చప్పుడు. కొన్ని ఇళ్ళు కదల్లేదు. కదలని ఇళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు. బెస్తవాడ నుంచి చిన్నమ్మి వచ్చింది. రోజూ చేపల తట్టతో సూరమ్మ గుమ్మం ముందు కేకేసే మనిషి. ఇవాళ తట్ట లేదు.

"మా ఇల్లకి తలుపులెక్కడివి వొదినా, తడికెలే గదా. మా మొగోల్లు మోత్తారులే. వలలు మోసే బుజాలు, తలుపులొక లెక్కా? నువ్వెల్లు. అన్నకాడ నాను కూకుంతాను. నీ గుమ్మంలో నానుంటే కుక్క కూడా తొంగి సూడదు."

కన్నయ్య మంచం మీంచి తల ఎత్తాడు. "ఎల్లు" అన్నాడు. అంతే అన్నాడు.

తలుపులు తలల మీద, భుజాల మీద, ఎడ్లబళ్ళ మీద బయలుదేరాయి. నినాదాలు మొదట గట్టిగానే లేచాయి. ఇసక దారిలో బరువు మోస్తూ నడిచేసరికి గొంతులు తగ్గి, రొప్పు మిగిలింది. సూరమ్మ చేతులు ఖాళీగా ఉన్నా ఆమె కాళ్ళు బరువెక్కాయి. అదే దారి. ఎన్నిసార్లో ఒక్కతే నడిచిన దారి.

మండలాఫీసు ఆవరణ తలుపులతో నిండిపోయింది. ఎమ్మార్వో వరండాలోకి వచ్చి నిర్ఘాంతపోయాడు.

"ఏమిటిది? ఇన్ని తలుపులు నేనెక్కడ పెట్టను?"

"మా గుమ్మాలకి పెట్టించండి బాబూ, అక్కడ జాగా ఉంది" అని ఎవరో అన్నారు. ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది.

లోకనాథం ముందుకొచ్చాడు. "మీరు మూసిన రోజులకి మాకు జరిమానా ఏటండీ? గడువు మళ్ళీ ఇయ్యండి. అందరి కాయితాలూ ఈయాల తీసుకోండి. లేదంటే అందరి తలుపులూ జప్తు సేసుకోండి."

ఎమ్మార్వో చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. చదువుకున్నవాడు, లోకం తెలిసినవాడు. అందుకే నేరుగా సూరమ్మ దగ్గరికి వచ్చి మెత్తగా అన్నాడు:

"నీ ఇంట్లో రోగి ఉన్నాడట కదమ్మా. నాకు తెలీలేదు. అదిగో, నీ తలుపు వరండాలోనే ఉంది. పట్టుకెళ్ళు. నీ మాఫీ సంగతి నేను చూస్తాను. వీళ్ళని ఇంటికి పొమ్మని చెప్పు."

పనస చెక్క రెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. సూరమ్మ వాటి వైపు చూసింది. తీసుకోవాలని ప్రాణం లాగింది. తలుపు బిగించుకుని, కన్నయ్యకు చలి తగలకుండా చూసుకుని, ఆ మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటే చాలనిపించింది. ఇంక ఎక్కడికీ నడవక్కర్లేదు. ఆమె వెనక ఉన్న జనంలో "తీసుకోవద్దు" అని ఎవరూ అనలేదు. అనే మొహం వాళ్ళకు లేదు.

"తీసుకెల్తే నానూ దొడ్డిగుమ్మంలోంచి ఎల్లినట్టే గదా బాబూ" అంది సూరమ్మ. "నాకొద్దు. అందరికీ రాయండి."

ఎమ్మార్వో మొహం మారింది. వెనక్కి తిరిగి అటెండర్ని కేకేశాడు. "తలుపులు మూసెయ్. పోలీసులకి ఫోన్ చెయ్యి."

ఆ మాటతో సూరమ్మ అలసట కోపమైంది. మెట్లెక్కి, మూసుకుంటున్న తలుపుకు భుజం అడ్డంపెట్టింది.

"మళ్ళీ మూసీత్తావా? ఇది మూసుకోబట్టే గదరా నా తలుపు పోనాది! బకాయి పడ్డది ఇది. జప్తు సెయ్యాల్సింది దీన్ని! పోలారావూ, గునపమట్రా!"

సర్కారు తలుపైనా సంసారి తలుపైనా ఊడే పద్ధతి ఒకటే. కింద గునపం పెట్టి లేపారు. బెస్తవాళ్ళు భుజాలకెత్తుకున్నారు. పచ్చ రంగు వేసిన ఆఫీసు తలుపు జనం మీదుగా రోడ్డు మీదికి వచ్చింది. లోపల గుట్టలుగా పేరుకున్న దరఖాస్తుల కట్టలు, తాళ్ళు కూడా విప్పనివి, ఊరందరికీ కనిపించాయి.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై లాఠీ ఊపుతూ దిగాడు.

"ప్రభుత్వ ఆస్తి ఎవడ్రా ఊడబీకింది?"

"నాను" అంది సూరమ్మ. ఆమెను ఎక్కించారు. పోలారావును, లోకనాథాన్ని ఎక్కించారు. ఎస్సై వ్యాను తలుపు వేయమని కానిస్టేబుల్‌కి చెప్పాడు. కానిస్టేబుల్ చెయ్యి వేసేలోపల, నిన్న కుర్చీ మోసిన పాలేరు వచ్చి మెట్టు మీద కాలు పెట్టాడు.

"నానూ అట్టుకున్నాను బాబూ, ఆ తలుపు మూల."

వాడి వెనక ఒక ఆడమనిషి. "నా గునపమే ఇచ్చినాను. నన్నూ రాసుకో." ఆమె వెనక నిన్న అరుగు మీద నిలబడి చూసినవాళ్ళు. ఎస్సై లాఠీతో నెట్టాడు, ఇద్దరు కింద పడ్డారు. పడినవాళ్ళు లేచి మళ్ళీ వ్యాను దగ్గరికే వచ్చారు. లోపల జాగా లేదు. ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటున్నారు. సూరమ్మ మోకాళ్ళ మీద ఎవరిదో మూట, భుజం మీద ఎవరిదో తల. పొద్దుట్నుంచీ మొదటిసారి కూర్చోవడం వల్ల కాళ్ళు గుంజుతున్నాయి.

"తలుపెయ్యవయ్యా!" ఎస్సై అరిచాడు.

"ఎలా వేస్తాను సార్, ఎక్కుతూనే ఉన్నారు" అన్నాడు కానిస్టేబుల్.

సూరమ్మ జరిగి, ఇంకొకరికి చోటిచ్చింది.