జ్వరం తగ్గిన రోజు

ఎనిమిదేళ్లు నేను ఒక్క కథ కూడా రాయలేదు. ఎవరైనా అడిగితే తీరిక లేదనేదాన్ని. పెళ్లీ పెటాకులూ లేకుండా, ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుని అయిదింటికల్లా ఇంటికి చేరేదానికి తీరిక లేకపోవడమేమిటని ఎవరూ నిలదీయలేదు. వారపత్రిక ఎడిటరు గారు మాత్రం ఏడాదికోసారి ఫోన్ చేసి, "ఏమ్మా, మమ్మల్ని పూర్తిగా వదిలేసినట్టేనా?" అనేవారు. నవ్వేసి ఊరుకునేదాన్ని.

అసలు సంగతి వేరు. మా చెల్లెలి కూతురికి అయిదేళ్లప్పుడు జ్వరమొచ్చింది. బళ్లో పేరు ఏదైతేనేం, ఇంట్లో అది పిడుగు. చెల్లి మొగుడు అప్పటికే ముఖం చాటేశాడు. చొక్కాల ఫ్యాక్టరీలో సెలవు దొరక్క, చెల్లి పిల్లని నా మంచం మీద పడుకోబెట్టి పనికి వెళ్లింది. నేను పక్క గదిలో సీరియల్ రాసుకుంటున్నాను. మధ్యాహ్నం పిడుగు "పెద్దమ్మా" అని పిలిచింది. "ఉండు తల్లీ, ఈ పేరా అయిపోనీ" అన్నాను. ఆ పేరా అయింది, దాని వెనకాలే ఇంకోటి తోసుకొచ్చింది. ఎన్నడూ లేనంత బాగా వస్తోంది ఆ రోజు. నేను లేచేసరికి ముప్పావుగంట దాటింది. పిల్ల ఫిట్స్‌తో కొట్టుకుంటోంది. ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తాను. మర్నాడు పొద్దున పోయింది.

"పక్కనే కూర్చుని తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను, ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చేశాయి" అని డాక్టరుకి చెప్పాను. చెల్లికీ అదే చెప్పాను. చెల్లి నా చేతులు పట్టుకుని, "పోనీలే అక్కా, నువ్వు పక్కనే ఉన్నావు, అదే చాలు" అంది. ఆ మాట ఎనిమిదేళ్లుగా నన్ను కాల్చుకు తింటోంది. సిగ్గులేనిదాన్ని, ఆ వారం భాగం మాత్రం పత్రికకి పంపాను. ఆ తర్వాత సీరియల్‌ని రెండు ముక్కల్లో ముగించి, ఇక కాగితం ముట్టుకోలేదు.

ఈ ఏడాది మొదట్లో ఒక ఆదివారం చెల్లి వచ్చింది. ఇప్పుడు దానిది చెకింగ్ పని. కుట్టు తప్పిన చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి బట్టని వెనక్కి పంపుతుంది. చెప్పులు విప్పుతూ, చెయ్యి తన చెవి దగ్గర పెట్టి చూపించింది.

"వారం నుంచి స్కూలు యూనిఫారాలు చూస్తున్నానక్కా. పదమూడేళ్ల సైజు. పిడుగు ఉంటే ఇంత వచ్చేది. దువ్వెన మాత్రం పట్టనిచ్చేది కాదు."

అది వెళ్లాక బల్ల ముందు కూర్చున్నాను. 'జ్వరం తగ్గింది. పిడుగు లేచి ఆకలన్నది' అని రాశాను. రాసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తూనే ఆరు పేజీలు రాశాను. అందులో పిడుగు రెండో తరగతికి వెళ్లింది, పళ్లు ఊడగొట్టుకుంది, పక్కింటి పిల్లాడి జేబులో గొంగళిపురుగు వేసింది.

చెల్లికి చూపించాలా వద్దా అని వారమంతా నలిగాను. చూపించాను. కోప్పడుతుందనుకుంటే, చివరిదాకా చదివింది. తర్వాత సంచీలోంచి స్టిక్కర్ల చుట్ట తీసి నా కాగితాల మీద బాణాలు అంటించడం మొదలుపెట్టింది.

"పాలు తాగిందని రాశావేంటి? పాల వాసనొస్తే ఆమడ దూరం పారిపోయేది."

"పెద్దయ్యాక అలవాటవుతుందేమోనని..."

"అదా? నిన్నూ నన్నూ అమ్మేసి వస్తుంది కానీ పాలు తాగదు." చెల్లి నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో.

అప్పట్నుంచి ప్రతి ఆదివారమూ పొద్దున్నే వచ్చేది. నేను చదివేదాన్ని, అది బాణాలు అంటించేది. పిడుగుకి పదేళ్లు వచ్చాయి, సైకిలు వచ్చింది, లెక్కల్లో సున్నా వచ్చింది. అమ్మతో పోట్లాడి అన్నం మానేసిన రోజు చెల్లి ఎంత మురిసిపోయిందో చెప్పలేను. "ఇంకా తిట్టించు నన్ను, పర్లేదు" అంది. ఎడిటరు గారు మొదటి భాగాలు చూసి, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా ఇదంతా అన్నారు. నాక్కూడా ప్రాణం లేచొచ్చినట్టుంది. అంతా సవ్యంగా సాగుతోందనే భ్రమలో పడ్డాను.

అచ్చుకి పంపే ముందు ఒకసారి మొదట్నుంచీ చూస్తానని చెల్లి కాగితాలన్నీ ముందేసుకుంది. మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది. మొదటి వాక్యం పక్కన బాణం అంటించింది.

"ఇక్కడ తేడాగా ఉందక్కా. జ్వరం తగ్గిందన్నావు. ఎలా తగ్గింది?"

"తగ్గింది. అంతే."

"ఊరికే ఎలా తగ్గుతుంది? ఎవరో ఒకరు చూసుండాలిగా. పెద్దమ్మ ఏదీ? పుస్తకం మొత్తంలో పెద్దమ్మ ఎక్కడా లేదు."

ఏదో ఒకటి చెప్పి మాట దాటేయొచ్చు. అబద్ధాలల్లడమే నా వృత్తి. కానీ ఎనిమిది నెలలు ఆ పిల్లని కాగితం మీద మళ్లీ పెంచాక, మళ్లీ ఆ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పేశాను. పక్క గది, పిలుపు, పేరా, ముప్పావుగంట. తడిగుడ్డ లేదని కూడా చెప్పాను.

చెల్లి ఏడవలేదు. నన్ను తిట్టలేదు. చేతిలో ఉన్న స్టిక్కర్ల చుట్టని బల్ల మీద పెట్టింది.

"ఎన్నిసార్లు పిలిచింది?"

"ఒక్కసారే."

"గట్టిగానా?"

"లేదు. మెల్లగా."

లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేయలేక అవస్థ పడుతున్నారు.

"అప్పుడు నువ్వు రాస్తున్నది... ఆ సీరియల్లో పెట్టె సర్దుకుని హీరోయిన్ ఇల్లొదిలి వెళ్లిపోతుంది, ఆ భాగమేనా?"

"అదే."

"అది నేను చదివాను." చెల్లి నావైపు తిరిగింది. "పిల్ల పోయిన నెలలో. ఏదో ఒకటి చదువుదామని తీశాను. చాలా బాగా రాశావని నీతో చెప్పాను కూడా."

సంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు ఆదివారాలు గడిచాయి, రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, ఆరోగ్యం అడిగితే బాగానే ఉన్నానంటుంది, పనుందని పెట్టేస్తుంది.

ఎడిటరు గారికి ఇంకా ఒక భాగం రాయాలని చెప్పాను. అది మొట్టమొదట రావలసిన భాగం. అందులో ఏం జరగాలో నాకు తెలుసు. పిల్ల పిలుస్తుంది, పెద్దమ్మ వెంటనే లేస్తుంది. పిల్ల పిలవడం వరకు రాశాను. పెద్దమ్మ ఇంకా కూర్చునే ఉంది.