తిరిగొచ్చిన సీసా

మూత తిరిగిన చప్పుడు వినగానే తెలిసిపోయింది నాకు, అదే సీసా, అలమరలో పై అరలో గుడ్డ కప్పి వెనక్కి దాచిన తెల్ల చెర్రీల మురబ్బా, ముందు వరసలో యాపిల్‌ది ఉంది, ఆప్రికాట్‌ది ఉంది, అవేవీ కనబడలేదు ఈ మనిషికి, మోచేతి దాకా లోపలికి పోనిచ్చి ఆ ఒక్కదాన్నే బయటికి లాగాడు, గావ్రీల్, దాన్ని అక్కడ పెట్టు అన్నాను, ఏం, మురబ్బా తినడానికి కాదా అన్నాడు చెంచా నోట్లో ఉండగానే, అది అతిథుల కోసం అన్నాను, ఇరవై ఆరేళ్ళుగా నీ వంటింట్లో నేనూ అతిథినే కదా, ఏది ముట్టుకున్నా వద్దంటావు, అని నవ్వాడు, వేరే రోజైతే నేనూ నవ్వేదాన్ని, కానీ నా గొంతు నాకే కొత్తగా, పెట్టమన్నానా లేదా అని లేచింది, పిల్లి బల్ల కిందికి దూరింది, పొయ్యి పక్కన కూర్చున్న మా అత్తయ్య అగాఫియా, అతిథులు రాకుండా సీసా మూత తీస్తే నాకంటే ముందు అరిచే మనిషి, తిననీవే అమ్మాయ్, ఎవరు ఎన్నాళ్ళు తింటారో ఎవరికి తెలుసు అంది, నా చేతిలో పిండి వత్తే కర్ర ఆగిపోయింది, ఈవిడకి ఎలా తెలిసింది, నేను ఎవరికీ చెప్పలేదే, మొన్న గురువారం ఎక్కడికెళ్ళానో, ఆ సీసా నా సంచీలో వెళ్ళి నా సంచీలోనే ఎందుకు తిరిగొచ్చిందో.

గురువారం నాడు, క్లినిక్‌గా మార్చిన పాత బాలబడిలో గోడలకి వేసిన రంగు ఇంకా వాసన కొడుతోంది, ఫిన్లాండ్ నుంచి చర్చి తరఫున వచ్చిన ఆరుగురూ తామే గోడలు గీకి తామే రంగు వేశారు, కిటికీ పక్కన రెండు వేళ్ళ మేర వదిలేశారు, నేనైతే వదలను, అయినా తప్పు పట్టడానికి నోరు రాదు, పదకొండేళ్ళుగా మా ఊళ్ళో డాక్టరే లేడు, ఒళ్ళు కాలినా కాలు విరిగినా బస్సు కోసం కూడలిలో నిలబడటమే, అలాంటిది సెలవులు పెట్టుకుని అంత దూరం నుంచి వచ్చి నేల తుడుస్తున్నారు, మాలాగా సిలువ గుర్తు వేసుకోరు, దేవుడి పటాలకి ముద్దు పెట్టరు, పొద్దున్నే తలుపు తీసేముందు చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుంటారంతే, దేవుడు ఆ తలుపు దగ్గర ఎవరి పద్ధతి ఏమిటని అడుగుతాడా, నాకైతే అనుమానమే, ఐనో అని వాళ్ళ డాక్టరమ్మ, అరవై దాటి ఉంటుంది, నన్ను తాకే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చచేసుకుంది, నా బతుకులో ఏ డాక్టరూ అంత ఆలోచించలేదు, ఆ వెచ్చదనానికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ, ఫిబ్రవరిలో స్నానం చేస్తుంటే వేలికి తగిలింది, అప్పటినుంచి గావ్రీల్‌కి కూడా చెప్పకుండా రోజూ వేలితో వెతుక్కుంటూనే ఉన్నాను, డాక్టరమ్మ స్కానింగ్ తెర మీద ఒక నల్లటి చుక్క చూపించి చాలాసేపు మాట్లాడింది, వాళ్ళ మాటలు మా భాషలో చెప్పడానికి రాజధాని కిషినావ్ నుంచి వచ్చిన కొరీనా, అది నీటి తిత్తి పిన్నీ, భయమేం లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి చాలు అంది, అంత పొడుగు మాటకి ఇంత పొట్టి అర్థమా అని ఒక్క క్షణం అనిపించింది, అయినా గుండెల మీంచి రాయి దిగినట్టయింది, అప్పుడు సంచీలోంచి సీసా తీశాను, తెల్ల చెర్రీలు, ఒక్కో పండులోంచి జడపిన్నుతో గింజ తీసి, గింజ ఉన్న చోట అక్రోటు ముక్క దూర్చి, పండు చితక్కుండా, పాకం ముదరకుండా, ఏడాదికి మూడు సీసాలే చేస్తాను, ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది, ఏదో అంది, తర్వాత రెండు చేతులతోనూ మెల్లగా సీసాని నా వైపుకి జరిపింది, తీసుకోరట పిన్నీ, మీరే ఉంచుకోమంటున్నారు, అంది కొరీనా, అంతే, దిగిన రాయి మళ్ళీ గుండెల మీదికెక్కింది.

మా దగ్గర వట్టి చేతులతో డాక్టరు గుమ్మం తొక్కేవాళ్ళు లేరు, కోడో జున్నో నాలుగు గుడ్లో, డాక్టరు తీసుకున్నాడంటే నీ పని చేస్తానని మాట ఇచ్చినట్టు, తీసుకోలేదంటే చేసేదేమీ లేదని, చావబోయేవాడి దగ్గర ఎవరూ ఏమీ తీసుకోరు, ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, చంటిపిల్లలకి కూడా తెలుసు, మా నాన్న జిల్లా ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమ్మ బతికున్న బాతుని బుట్టలో పెట్టుకుని వెళ్ళింది, పక్కన నేను, పదేళ్ళదాన్ని, ఆ డాక్టరు చాలా మర్యాదగా, దీన్ని ఇంటికి తీసుకెళ్ళమ్మా, మీకే అవసరం పడుతుంది అన్నాడు, బస్సులో అమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బాతు దారంతా అరుస్తూనే ఉంది, నాన్న పోయిన నలభయ్యో రోజు కర్మ భోజనానికి దాన్నే వండాం, కాలేజీలో నేను జీవశాస్త్రం చదివాను, కణం బొమ్మ ఇప్పుడు గీయమన్నా గీసిస్తాను, నీటి తిత్తి అంటే ఏమిటో నాకు తెలియదా, తెలుసు, అయినా ఇంటికొచ్చేదారిలో నా చెవుల నిండా ఆ బాతు అరుపే.

గురువారం సాయంత్రం నుంచి ఈ పొద్దుటి దాకా నేను చావుకి సిద్ధపడుతూనే ఉన్నాను, ఏడుస్తూ కూర్చోలేదు, నా వల్ల కాదు అది, సీసాల మూతల మీద ఏది ఏ నెలదో రాశాను, గావ్రీల్ చలికోటు గుండీలు గట్టిగా కుట్టాను, ఉప్పు ఎక్కడుంటుందో రెండుసార్లు చూపించాను, ఎందుకే, ఉప్పుకేమైనా రెక్కలొచ్చాయా అని వింతగా చూశాడు, ఇంకో వింత ఏమిటంటే ఈ మూడు రోజుల్లో నాకు దేవుడి మీద కోపం రాలేదు, పొద్దున లేవగానే పెరట్లో ఆప్రికాట్ చెట్టు ఒళ్ళంతా పూసి ఉంది, అది నిరుడూ పూసింది, నేనే చూడలేదు, గావ్రీల్ దగ్గు, ఇన్నాళ్ళూ నన్ను విసిగించిన ఆ దగ్గు, పక్క గదిలోంచి వినబడితే, ఉన్నాడు, అని హాయిగా ఉంది, అత్తయ్య సణుగుడు కూడా, ఎంత ఇచ్చావయ్యా దేవుడా అనుకున్నాను, ఒక్కటే బాధ, శుక్రవారం నాడు గావ్రీల్ పాల క్యాను నా చేతిలోంచి అందుకోబోయాడు, వద్దులే, నేను మోస్తాను అని పక్కకి లాక్కున్నాను, ఎప్పుడూ అలాగే లాక్కుంటాను, అతను చేతులు జేబుల్లో పెట్టుకుని నా వెనకాలే నడిచాడు, ఆ నడక మాత్రం గుర్తొస్తూనే ఉంది.

నూడిల్స్ సన్నగా కోసి ఆరబెట్టి, కోడిచారు పొయ్యి మీద సన్నమంటకి పెట్టి, ఆదివారం కదా, ముగ్గురం ఎడమొహం పెడమొహంగానే మా చర్చికి వెళ్ళాం, పూజ అవగానే అక్కణ్ణుంచి ఊరంతా, అప్పటికే రోగుల్ని చూస్తున్న క్లినిక్ లాంఛన ప్రారంభానికి కదిలింది, ఫాదర్ నెక్తారీ తులసి రెమ్మల కట్టని పవిత్రజలంలో ముంచి కొత్త తలుపు మీద చల్లారు, ఆ ఫిన్లాండ్ వాళ్ళ మొహాల మీద కూడా గట్టిగానే చల్లారు, వాళ్ళు కళ్ళు మూసుకుని తడుస్తూ నిలబడ్డారు, ఎవరూ తుడుచుకోలేదు, అది నాకు నచ్చింది, కానీ జనమంతా కంచె బయటే ఉండిపోయారు, లోపలికి రండి, రండి అని కొరీనా పిలుస్తోంది, ఒక్కరూ కదలరు, డాక్టరమ్మ మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు కంగారుగా తిరుగుతున్నాయి, ఏం తప్పు చేశాం, మొదటి వారం వచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకు రావడం లేదు అని అడుగుతున్నారు, అని కొరీనా మా వైపు తిరిగి అడిగింది, అప్పుడు తోఫాన్ తాత, ఎనభై ఏళ్ళ మనిషి, పెళ్ళిళ్ళకి వేసే కోటు వేసుకుని, కర్ర తాటించుకుంటూ కంచె దాటి ముందుకెళ్ళాడు, అమ్మా డాక్టరమ్మా, నేను మొగాణ్ణి, దాచకుండా చెప్పు, ఇంకెన్నాళ్ళు, అటక మీంచి శవపెట్టె చెక్కలు దింపి చిత్రిక కూడా పట్టించాను, మొక్కజొన్న విత్తనాలు వెయ్యాలా వద్దా, అది తెలిస్తే చాలు అన్నాడు, కొరీనా నోరు తెరిచి, తాతా, నీకున్నది మోకాలి నొప్పి అంది, మోకాలి నొప్పైతే నా ద్రాక్షసారా ఎందుకు తిప్పి పంపారే, నన్నేమైనా పిచ్చాడనుకున్నారా, అన్నాడు తాత, కంచె అవతల ఒక్కసారి కదిలింది ఊరు, నా గుడ్లూ తీసుకోలేదు, నా జున్ను కూడా, మా ఆయన్ని సాగనంపడానికని అప్పుడే కొత్త చొక్కా కొన్నాను, అని ఒకరి వెనక ఒకరు, నా నోట్లోంచి కూడా, నా చెర్రీలు, అని వచ్చేసింది, గావ్రీల్ నా వైపు తిరిగాడు, అతని మొహం చూడలేకపోయాను, అంతలో పక్కనించి అత్తయ్య, నా మేజోళ్ళూ తీసుకోలేదురా నాయనా, మంగళవారం నాడు గుండె దడ అని వెళ్ళాను, అంది, ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం చచ్చిపోతున్నాం అన్నమాట, ఎవరు ఎన్నాళ్ళు తింటారో అని పొద్దున ఆవిడ అన్నది నా గురించి కాదు, తన గురించి.

కొరీనా ఇదంతా వాళ్ళ భాషలో చెబుతూంటే డాక్టరమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది, రెండు చేతులతో మొహం కప్పుకుంది, నేను ఇంతమందిని చంపానా అంది, తర్వాత మెల్లగా చెప్పింది, మాకు ఇచ్చిన ఆ దేవుడు బదులేమీ అడగలేదు, మేమెలా తీసుకుంటాం, అదీగాక తీసుకోవడం మొదలుపెడితే తేవడానికి ఏమీ లేనివాళ్ళు సిగ్గుపడి రావడమే మానేస్తారు, అందుకని ఎవరి దగ్గరా తీసుకోకూడదని మా నియమం, అంది, ఎవరి దగ్గరా అనే ఆ ఒక్క మాట విన్నాక నా ఒళ్ళు తేలిపోయింది, ఎవరి దగ్గరా, అంటే నా ఒక్కదాని దగ్గరే కాదు, నీటి తిత్తి నీటి తిత్తే, అత్తయ్య మాత్రం నియమాలు వినే మనిషి కాదు, ఆదివారం సంచీలోంచి ఆ మేజోళ్ళు తీసి, ముదురు ఎరుపువి, డాక్టరమ్మ ఒళ్ళో పడేసింది, అవి వేసుకుంటే గానీ నేను బతికున్నట్టు కాదు తల్లీ, నీ ఇష్టం మరి, అంది, డాక్టరమ్మ తన వాళ్ళ వైపు చూసింది, మేజోళ్ళ వైపు చూసింది, ఊరందరి ముందూ బూట్లు విప్పి, ఒకటి తొడుక్కుంది, రెండోది తొడుక్కుంది, మడమ దగ్గర సరిగ్గా లేకపోతే అత్తయ్య వంగి సర్దింది, సరిపోయాయి, అత్తయ్య మూడుసార్లు సిలువ వేసుకుంది, తోఫాన్ తాత సరే, అయితే విత్తనాలు వేస్తాను అన్నాడు, అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను, కానీ నా చూపు ఆవిడ చేతుల మీదే ఉంది, ఇచ్చేటప్పుడు అంత నేర్పుగా, అంత వెచ్చగా ఉన్న ఆ చేతులు, మేజోళ్ళు అందుకునేటప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడ్డాయి, ఈ ఇబ్బంది నేనెరుగుదును, నాకు జ్వరమొస్తే పొరుగింటి దొమ్నీకా రొట్టె తెచ్చిపెడితే, ఆ పళ్ళెం గంటలోపే తిప్పి పంపినదాన్ని, అంతకు రెట్టింపు రొట్టెలు పెట్టి, ఎంత గొప్పగా అనిపించింది ఆ రోజు, దొమ్నీకాకి ఎలా అనిపించిందో ఎన్నడూ ఆలోచించలేదు, పాల క్యాను లాక్కున్నప్పుడు గావ్రీల్‌కి ఎలా అనిపించిందో కూడా.

భోజనానికి కూర్చున్నాం ముగ్గురం, చారు పోశాను, ఎవరూ చెంచా ముంచరు, గావ్రీల్ అంటాడు, నా ఇంట్లో ఇద్దరాడవాళ్ళు చావుకి తయారై కూర్చుంటే నాకు ఒక్క ముక్క చెప్పరా, నేను ఎవర్ని ఈ ఇంట్లో, గుంజనా, అత్తయ్య, చెప్పి నిన్నేడిపించడం ఎందుకురా అంది, ఏడిస్తే ఏడుస్తాను, అది కూడా నన్ను చెయ్యనివ్వరా అన్నాడు, మూడు రోజులు చచ్చిపోతున్నాననుకుని నేను పడ్డ బాధంతా ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే, లేచి వెళ్ళి అలమరలోంచి ఆ సీసా తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను, మూత తీసి చెంచా అతని చేతికిచ్చాను, తిను అన్నాను, అతిథుల కోసం కదా అన్నాడు, తిను, తిన్నాక వినండి ఇద్దరూ, రేపటి నుంచి పొద్దున్నే నేను క్లినిక్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను, కొరీనాతో మాట్లాడేశాను, తెచ్చినవాళ్ళు తెచ్చింది లోపలికి పట్టుకెళ్తారు, డాక్టరమ్మ రెండు చేతులా అందుకుంటుంది, అందుకుని తీరాలని చెప్పాను, తర్వాత అది నా బల్ల మీదికి వస్తుంది, తేవడానికి ఏమీ లేనివాళ్ళు ఆ బల్ల మీంచి ఒకటి తీసుకుని లోపలికి వెళ్తారు, ఈ ఊళ్ళో ఇక ఎవరూ వట్టి చేతులతో వెళ్ళక్కర్లేదు, ఎవరిదీ తిరిగి రాదు, అయితే ఒకే జున్నుముక్క రోజుకి పదిసార్లు లోపలికి పోతుందన్నమాట, అన్నాడు గావ్రీల్, పోనీ అన్నాను, పదిసార్లూ ఆవిడ తీసుకుంటుంది, పదిమంది బతుకుతారు, అంటూంటే నాకే నవ్వొచ్చింది, ఊరికంతా బాగుంది, మరి ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తారటా, అంది అత్తయ్య, నాకు నోటి చివరికొచ్చింది, తెల్లవారకముందే లేచి చేసి వెళ్తాను అని, ఎప్పుడూ వచ్చే మాటే, అంతలో గావ్రీల్ లేచాడు, పొయ్యి మీదికి తిరిగి తీసుకెళ్దామని ఎత్తిన చారు గిన్నె చెవులు నా చేతుల్లో ఉన్నాయి, ఇంకా నిండుగానే ఉంది, బరువుగా ఉంది, ఇలా ఇయ్యి అన్నాడు, ఉప్పెక్కడుందో నాకు తెలుసులే, రెండుసార్లు చూపించావుగా అన్నాడు, నేను గిన్నె వదిలాను.