అంటుకున్న రెండు పేజీలు

ఒకటో తరగతి మాస్టారు అట్టముక్క మధ్యలో బ్లేడుతో చిన్న కిటికీ కోస్తున్నారు. పుస్తకం మీద పెడితే అందులోంచి ఒక్క అక్షరమే కనబడాలి. వెంట్రుకవాసి ఎక్కువైనా పక్క అక్షరం తొంగిచూస్తుంది, పిల్ల మాటంతా ఊహించేస్తుంది. ఊహించడం మరిగిన పిల్ల చూడడం మానేస్తుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన కొలువు నేలమీదే. నిలబడితే పిల్లల నడినెత్తులు తప్ప ఏమీ కనబడవు. పక్కన చతికిలబడితే చూపు ఎక్కడ తడబడిందో, పెదవి ఎక్కడ తొందరపడిందో తెలుస్తుంది. అందుకే ఆయన ప్యాంట్లన్నీ వెనకవైపే పలచబడ్డాయి. కుర్చీ మాత్రం నిన్న కొన్నట్టుంది.

ఉద్యోగానికి ఈ రోజే ఆఖరు.

"ఇవాళ కూడా నేలమీదేనా మాస్టారూ? ఆ కుర్చీ ఏం పాపం చేసిందండీ?" అంది పెద్ద టీచరు గుమ్మంలోంచి.

"వచ్చేవాళ్ల కోసం అట్టేపెట్టానమ్మా. గీత పడకుండా అప్పజెబుతాను."

ఆమె నవ్వింది. "రిజిస్టరు సాయంత్రానికి ఇచ్చెయ్యండి. నలభై మందీ చదువుతున్నట్టే కదా?"

"ముప్ఫై తొమ్మిది మంది."

"ఆ మిగిలింది ఎవరండీ?"

"సాయంత్రం చెబుతాను."

మిగిలింది చిలక. గలగలా చదువుతుందని తరగతి అంతా కలిసి పెట్టిన పేరు అది. ఏడాది మొదట్లోనే ఆ పిల్ల వేలు పెట్టి పాఠం చదివేస్తుంటే, ఈమెతో ఇక పని లేదనుకుని మాస్టారు మిగతావాళ్ల వైపు తిరిగిపోయారు. తను రాని పూట పాఠం చదివించే పెత్తనం కూడా ఆమెకే ఇచ్చారు. నిన్న ఆ పిల్ల పుస్తకంలో రెండు పేజీలు అంటుకున్నాయి. వేలు కుందేలు పాఠం మీద నడుస్తోంది, నోరు మాత్రం లోపల ఇరుక్కున్న పేజీలోని వాన పాఠం చదువుతోంది. ఒక్క మాట పొల్లు పోలేదు.

అక్క ఇంట్లో పైకి చదువుతుంటే విని, పుస్తకం పుస్తకమంతా మింగేసిన పిల్ల. కాగితం మీద ఒక్క మాటా చదవలేదు.

తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. ఇన్నేళ్లలో తన చేతికి వచ్చిన పన్నెండు వందల నలభై మందిలో, పక్కన కూర్చుని పెదవులు చూడనిది ఈ ఒక్కదానివే. రేపు వచ్చే టీచరు రిజిస్టరులో 'చదవగలదు' అన్నది నమ్మి కొత్త పుస్తకం చేతిలో పెడుతుంది. అది అక్క చదవని పుస్తకం. ఆ రోజు చిలక నోరు పడిపోతుంది. అలా నోరు పడిపోయిన పిల్లలు మళ్లీ తెరవడానికి ఏళ్లు పట్టడం ఆయన చూశారు. తన దగ్గరున్నది ఒక్క పూట.

మధ్యాహ్నం అందరూ ఆటకు పరుగెత్తాక చిలకను ఆపి, బీరువా చాటున పక్కన కూర్చోబెట్టుకున్నారు. కిటికీ అట్ట పెట్టి అక్షరాలు ఒక్కొక్కటే అడిగితే అన్నీ చెప్పింది. అట్ట తీస్తే చాలు, చూపు గాల్లోకి పోయి నోరు పరుగందుకుంది. మళ్లీ అట్ట పెట్టారు.

"ఇలా అయితే కథ పోతుంది మాస్టారూ!" పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు పుస్తకం మొత్తం వచ్చు కదా!"

"వచ్చు తల్లీ. నాకూ వచ్చు. ఇద్దరికీ తెలిసిన కబుర్లు ఎందుకు మనకి? నీకు తెలియనిది ఒకటి చెబుతా. నోటితో మాత్రం చెప్పను."

పుస్తకం మూసేశారు. పలక తీసుకుని, ఒక్క ఒత్తు కూడా రాకుండా మాటలు ఏరి ఏరి ఒక వరుస రాశారు. పిల్ల అలవాటుగా జవాబు కోసం ఆయన మొహంలోకి చూసింది. ఆయన గోడవైపు తిరిగిపోయారు.

తర్వాత పలక మీద గోరు గీరుకున్న శబ్దం.

"రా... తి... రి."

గోడ మీద ఒక చీమ సున్నం పెచ్చు చుట్టి వెళ్లేదాకా ఇంకేమీ వినబడలేదు.

"నా... కు. ని... ని... దు..." అక్కడ మూడుసార్లు వెనక్కి వెళ్లింది. ఆయన గోళ్లు అరచేతుల్లో దిగాయి. సాయం చేయడం ఎంత తేలికో, అది ఎంత నష్టమో ఆయనకు తెలుసు.

"రాతిరి నాకు నిదుర రాలేదు."

గొంతులో చిలక పలుకు లేదు. రాయి మీద రాయి పేర్చినట్టు, ఒక్కో మాటా బరువుగా దిగింది. కాసేపటికి పిల్ల తలెత్తింది.

"ఎందుకు రాలేదు మాస్టారూ?"

ఎన్ని వందలసార్లు చూసినా ఇది పాతబడలేదు. తన రాత్రి సుద్దపొడిగా మారి పలక మీద రాలింది. అక్కడి నుంచి ఎవరి గొంతూ మోయకుండానే ఆరేళ్ల పిల్ల లోపలికి నడిచి వెళ్లింది. గోడ కట్టినవాడికి చూపించుకోవడానికి గోడ ఉంటుంది. ఈ పనికి ఆనవాలు ఉండదు. చదవడం వచ్చినవాళ్లకు, రాని రోజు ఎలా ఉండేదో గుర్తే రాదు. అయినా ఆ క్షణం దగ్గర కూర్చునే చోటు తనకే దొరికింది, ముప్ఫై ఒక్క ఏళ్లు!

"నీ గురించే ఆలోచిస్తూ పడుకున్నా."

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదమ్మా, చెయ్యనిది నేను. ఇప్పుడు మాత్రం చేశావు."

పిల్లకు అర్థం కాలేదు. పలక ఒళ్లో పెట్టుకుని ఆ వరుసను మళ్లీ చదువుకుంది. ఎవరూ అడగకుండానే మళ్లీ.

రిజిస్టరులో 'చదవగలదు' కొట్టేసి, 'ఈ రోజు మొదలుపెట్టింది. కొత్త పాఠాలు ముందుగా వినిపించవద్దు. పక్కన కూర్చోండి' అని రాశారు. పెద్ద టీచరు చూసి, "నలభై అన్నమాట!" అంది.

"ముప్ఫై తొమ్మిదిన్నర," అన్నారు మాస్టారు.

సాయంత్రం హాల్లో అందరూ ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, చప్పట్లు కొట్టారు. అట్నుంచి అటే ఆయన గొడుగు చంకలో పెట్టుకుని వెనక గేటు దాటి వెళ్లిపోయారు. తరగతి గదిలో ఆయన కోసం చూసి చూసి, అక్క రాగానే చిలక కూడా వెళ్లిపోయింది.

తర్వాత ఊడవడానికి వచ్చిన ఆయాకు బీరువా పక్కన నేలమీద కాపీ పుస్తకంలోంచి చింపిన కాగితం కనబడింది. ఆయాకు చదువు రాదు. చీపురు దాని దాకా వచ్చి ఆగింది. కాగితం తీసి, దుమ్ము దులిపి, కిటికీ గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన సుద్దముక్క ఉంచి తలుపు వేసుకుని వెళ్లింది. చెరిపి చెరిపి నల్లబడిన ఆ కాగితం మీద, ఒక్కోటి ఒక్కో ఎత్తున, నాలుగు మాటలు నిలబడి ఉన్నాయి: ఈ రాతిరి నిదుర పోండి.