ట్యాంకు మీద ఇంకో చుట్టు

విమానం రెక్క కింద ఉన్న చిన్న కుళాయి తిప్పి, పెట్రోలు గాజు గ్లాసులోకి పట్టి, ఎండకేసి ఎత్తి చూశాడాయన. లేత నీలం రంగు. అడుగున నీటి చుక్క లేదు. గడ్డి మీద పారబోసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, రెండో రెక్క వైపు నడిచాడు.

"నేను చూశాగా మాస్టారూ," అంది కొత్త పైలట్ అమ్మాయి కాక్‌పిట్‌లోంచి.

"నువ్వు చూశావు. నేను చూడలేదుగా."

ఇరవై రెండేళ్ళుగా రోజూ చేసే పనే. ఇన్నేళ్ళలో గ్లాసు అడుగున నీళ్ళు కనిపించింది ఒక్కసారే, ఒక వానాకాలంలో. ఆ ఒక్కసారి కోసం మిగతా రోజులన్నీ చూడాలి.

ఆయన పొట్టి మనిషి. చంకలో ఎప్పుడూ ఒక మెత్త ఉండేది. పాత నీలం కర్టెను గుడ్డతో ఆయన భార్య కుట్టింది. ఈ విమానంలో రెండు సీట్లకూ ఎత్తు పెంచే పిడి ఎప్పుడో పనిచేయడం మానేసింది. మెత్త లేకపోతే విమానం ముక్కు మీదుగా ముందుకు కనిపించదు. "ఆకాశంలో ఎగురుతానని ఊరంతా చాటుకునే మనిషికి ఎదురుగా ఏముందో అయినా కనపడొద్దూ!" అని నవ్వుతూ కుట్టింది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. మెత్త మాత్రం ఒక మూల కుట్టు విడి, దూది బయటకు తొంగిచూస్తూ ఇంకా ఉంది.

దీవి ఆసుపత్రి నర్సు స్కూటరు మీద వచ్చి, తెల్ల డబ్బా అందించింది. ఐసు ముక్కల మధ్య రక్తం సీసాలు. పదిన్నరలోగా పట్నంలో ల్యాబుకు చేరాలి.

"పంతొమ్మిది ఉన్నాయి మాస్టారూ. అందులో ఒకటి మా అత్తది."

"మీ అత్తగారిదా! అయితే బాగా కుదుపుతూ తీసుకెళ్ళనా?"

"కుదిపితే కుదపండి గానీ పగలగొట్టకండి. మళ్ళీ సూది గుచ్చాలంటే ఆవిడ నా ప్రాణం తీస్తుంది." నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "రేపట్నించీ మీరు రారటగా. మరి డబ్బా?"

ఆయన కాక్‌పిట్ వైపు చూశాడు. అమ్మాయి తల దించుకుని బెల్టు సరిచేసుకుంటోంది.

"పట్నం చేరాక తెలుస్తుంది," అన్నాడు.

విమానం నడిపేది నెలాఖరు దాకానే అని కళ్ళ డాక్టరు తేల్చేశాడు. ఇవాళ నెలాఖరు. పది రోజులుగా అమ్మాయిని ఎడమ సీట్లో కూచోబెట్టి తను కుడి సీట్లో కూచుంటున్నాడు. ఎగిరిన లెక్కలు రాసుకునే ఆమె పుస్తకంలో ఆయన సంతకం పెడితే అప్పటినుంచే విమానం ఆమెది. పెట్టకపోతే విమానానికి తాళం. డబ్బా పడవలో పోవాలి. పడవకు ఆరు గంటలు, ఆ ఎండకు సీసాలు ఆగవు. ఈ సంగతి అమ్మాయికీ తెలుసు. ఆయన మొహమాటానికి సంతకం పెట్టే మనిషి కాడనీ తెలుసు.

దిగడం, లేవడం, రేడియోలో మాట్లాడడం, అన్నీ బాగానే చేస్తుంది. ఒక్కటే చిక్కు. ఆగమంటే ఆమెకు ప్రాణం మీదికొస్తుంది.

పట్నం విమానాశ్రయం సముద్రం ఒడ్డునే. పొద్దుటి పూట నాలుగు నిమిషాలకొక పెద్ద విమానం దిగుతుంది. ఏనుగులు నడిచే దారిలో పిల్లి వెళ్ళాలంటే ఆగి వెళ్ళాలి. టవర్‌లో వాళ్ళు ఈ చిన్న విమానానికి పిచ్చుక అని పేరు పెట్టారు. ఊరి చివర నీళ్ళ ట్యాంకు మీద చుట్లు తిరుగుతూ ఉండమంటారు. దారి దొరికినప్పుడు పిలుస్తారు. ఆయనకు ఆ చుట్లంటే ఇష్టం. ట్యాంకు వెనక మూడో వరసలో వాళ్ళ మేడ. టవర్ గాలి ఎటు వీస్తోందో చెప్పినా, ఆయన మేడ మీద భార్య ఆరేసిన పసుపుపచ్చ దుప్పటి ఎటు ఎగురుతోందో కూడా చూసుకునేవాడు. ఇప్పుడు ఆ బట్టల తీగ ఖాళీ. పక్కింటివాళ్ళ చొక్కాలు చూస్తాడు.

నలభై నిమిషాల తర్వాత ఒడ్డు కనిపించింది. ఎండకు సముద్రం పైన ఆకాశమంతా పాలిపోయి ఉంది.

"పిచ్చుకా, మీ ముందు రెండు పెద్దవున్నాయి," అంది టవర్ ఆవిడ గొంతు. "రెండోదాని వెనక రావాలి. కనిపిస్తే చెప్పండి. అప్పటిదాకా ట్యాంకు మీద తిరగండి."

అమ్మాయి ఒక చుట్టు తిరిగింది. వెనక్కి తిరిగి డబ్బా వైపు చూసింది. గడియారం చూసింది. మెడ చాచి ముందుకు చూసింది. సముద్రం మీద ఏదో తెల్లగా మెరిసింది.

"కనిపించింది," అంది రేడియోలో.

"మంచిది. దాని వెనకే వచ్చేయండి."

విమానం రన్‌వే వైపు ఒరిగింది. ఆయన ముందుకు వంగి చూశాడు. ఆ కనిపించేది ఒడ్డు దాటేసింది. అది మొదటిది. రెండోది ఆయనకూ కనిపించలేదు. కానీ కనిపించలేదన్న సంగతి ఆయనకు తెలుసు. ఆ తెల్లటి ఎండలో ఎక్కడో నూట యాభై మందితో అది వస్తోంది. తామిప్పుడు దానికి అడ్డంగా పోతున్నారు.

చేతులు మోకాళ్ళ మీదనించి కొంచెం లేచాయి. ఐదు లెక్కపెడతాను, అనుకున్నాడు. ఐదు దాటితే నేనే పట్టుకుంటాను.

ఒకటి. రెండు. మూడు.

కనిపించిన విమానం రన్‌వేను తాకి పొగ లేపింది. అమ్మాయి మెడ ఇంకా పైకి సాగింది. "అప్పుడే దిగేసిందేంటి..." అని గొణిగింది. అంతే, విమానాన్ని గబుక్కున వెనక్కి తిప్పింది.

రేడియో బొత్తాం మీద ఆమె బొటనవేలు ఒక్క క్షణం తటపటాయించింది. ఆ మాట టవర్ ఒక్కటే కాదు, ఆకాశంలో ఉన్న పైలట్లంతా వింటారు. ఏదో సాకు చెప్పి తప్పుకున్నా ఎవరికీ తెలియదు.

"టవర్, నేను చెప్పింది తప్పు," అంది. "నాకు కనిపించింది మొదటిది. రెండోది కనిపించలేదు. కనిపించకుండానే చెప్పేశాను. మళ్ళీ ట్యాంకు మీదికి పోతున్నాను."

రేడియో గరగరమంది.

"చెప్పారు, అదే పదివేలు," అంది టవర్ ఆవిడ. "తిరగండమ్మా. తొందరేం లేదు."

ఇంకెవరో పైలట్, పెద్దాయన గొంతుతో, మధ్యలో దూరాడు. "ఆ రెండోది నేనేనమ్మాయ్. నువ్వు తిరుగుతూ ఉండు, నేను పోతా."

అమ్మాయి తడిసిన కళ్ళు తుడుచుకోలేదు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. మళ్ళీ మెడ చాచింది. అప్పుడు చూశాడాయన. పది రోజులుగా ఆ మెడ చాచడం చూస్తూ, తొందర పిల్ల అనుకున్నాడు. ఆమె కూడా తనంతే పొట్టి. ఎత్తయిన మెత్త మీద తను కూచుని, కనిపించని మనిషికి ఓపిక పాఠాలు చెబుతున్నాడు.

"నా చేతిలో ఉంది," అంటూ కుడి వైపు కంట్రోల్స్ పట్టుకున్నాడు. "కొంచెం పైకి లే."

"ఎందుకు మాస్టారూ?"

"లే అంటున్నాగా."

రెండో చేత్తో తన కిందనించి మెత్త లాగి ఆమె కిందికి తోశాడు. ఆమె సర్దుకుని కూచునేదాకా విమానం ఆయనే నడిపాడు. పది సెకన్లుంటుందేమో. ట్యాంకు రెక్క కింద మెల్లగా తిరిగింది.

"నీ చేతిలో ఉంది," అన్నాడు.

"నా చేతిలో ఉంది."

ఇంకో చుట్టు తిరిగింది. సగంలో, "అబ్బ! ఇంత కనిపిస్తుందా మీకు?" అంది. ఆ తర్వాత తాపీగా, రేడియోలో: "రెండోది కనిపించింది. ఇప్పుడు నిజంగానే."

మెత్త లేని సీట్లో ఆయనకు మీటర్లూ, వాటి పైన ఆకాశమూ తప్ప ఏమీ కనిపించలేదు. రన్‌వే ఎప్పుడొచ్చిందో తెలియలేదు. చక్రాలు నేలను తాకిన సంగతి నడుముకు తెలిసింది, అదీ అంతంతమాత్రమే.

పదీ పదిహేనుకు ల్యాబు వ్యాను వచ్చి డబ్బా పట్టుకెళ్ళింది. ఆయన అమ్మాయి పుస్తకం రెక్క మీద పరిచి జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇవాళ తప్పు చేశాగా మాస్టారూ," అంది ఆమె.

"నేనూ చేశాను, రెండో ఏడు. సరిగ్గా ఇదే. నేను అడ్డమెళ్ళిన పెద్ద విమానం దిగడం మానేసి, నా నెత్తి మీదుగా గర్జించుకుంటూ పోయింది. టవర్‌లో పిల్లాడు తనే పొరబడ్డానేమో అనుకున్నాడు. అతన్ని వేరే ఊరికి మార్చారు." పెన్ను మూత తీశాడు. "నేను నోరు విప్పలేదు. ఇన్నేళ్ళూ మా ఆవిడతో కూడా అనలేదు."

ఆయన సంతకం పెట్టాడు. ఆరకముందే పుస్తకం మూయబోతే ఆమె పట్టుకుని ఆపి, ఉఫ్ఫుమని ఊదింది.

"రెండింటికి దీవికి మందులు తీసుకెళ్ళాలి. పెట్రోలు చూసుకో."

"ఇప్పుడు మీరు చూడరుగా. రెండుసార్లు చూస్తాలెండి."

గేటు దాకా ఆయన వెనక్కి తిరగలేదు. బస్సులో కూచున్నాక చంక వెలితిగా తోచి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాలుగు గంటల వేళ మేడ ఎక్కాడు. ఖాళీ తీగ గుడ్డతో తుడిచి, బీరువా అడుగునించి తీసి తడిపిన పసుపుపచ్చ దుప్పటి ఆరేశాడు. గాలికి అది సముద్రం వైపునించి ఊరి వైపు ఉబ్బింది. కాసేపటికి ట్యాంకు మీద సన్నటి శబ్దం వినిపించింది. ఆయన కళ్ళకు విమానం ఆనలేదు. ఫరవాలేదు, చెవులున్నాయి. శబ్దం ఒక చుట్టు తిరిగింది. తొందర లేదు. ఇంకో చుట్టు తిరిగింది. ఆ తర్వాత ఒరిగి రన్‌వే వైపు సాగిపోయింది, ఎడమ సీటు మీద, ఒక మూల దూది తొంగిచూస్తున్న నీలం మెత్తతో.