సీలు వేసిన సైకిలు

"వదినా, కొంప మునిగింది. నలభై ఎనిమిది!"

వాకీటాకీలో మరదలి గొంతు ఎగపోస్తూ వచ్చింది. స్పానరమ్మ నోటి దాకా వెళ్ళిన టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"ఇంకా కొండ సగం కూడా ఎక్కలేదు కదే. సరిగ్గా చూసి చెప్పు."

"నాకు లెక్కలు రావేమో గానీ అంకెలు వచ్చు వదినా. ఇదిగో, నీతో మాట్లాడుతుండగానే నలభై ఏడు."

"మోటారు సాయం ఎంతలో పెట్టావు?"

"నువ్వు చెప్పినట్టే, రెండులో. మూడులో పెడితే సైకిల్ని భుజాన వేసుకుని రావాలి."

"అవతలివాడు?"

"నా ముందు ఈల వేసుకుంటూ పోతున్నాడు. ఈల! వింటున్నావా?"

స్పానరమ్మ గ్లాసు కింద పెట్టింది. ఈ దారిలోనే వారం రోజుల పాటు ఆ సైకిల్ని తిప్పి చూసుకుంది. నిండు ఛార్జితో బయల్దేరితే ఈ మలుపు దగ్గర డెబ్బై అయిదుకు ఒక్కసారి కూడా తగ్గలేదు. మరి ఈ రోజు, అదీ అందరి కళ్ళ ముందు, బ్యాటరీ చిల్లు పడిన బిందెలా కారిపోతోంది.

అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయేంతగా ఆమె అందరికీ స్పానరమ్మ అయిపోయింది. కొండ కింద వీధిలో చిన్న సైకిలు షాపు. ముప్పై ఏళ్ళు పంక్చర్లు వేసిన మామగారిది ఆ షాపు. కోడలుగా వచ్చిన రెండో ఏడాదికే ఆవిడ ఎలక్ట్రిక్ మోటార్లు విప్పి పక్కన పెట్టి, మళ్ళీ బిగించి, మిగిలిన మర ఒక్కటి కూడా లేకుండా చూపించింది. ఆ రోజునుంచి మామగారు టైర్లు, చక్రాలు చూసుకుంటూ మిగతాదంతా ఆమెకు వదిలేశారు.

ఇప్పుడు ఆ షాపు ఉంటుందా పోతుందా అన్నది ఈ సైకిలు మీద ఉంది.

కొండ సహాయ దళం దగ్గర పద్నాలుగు ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకులున్నాయి. కొండ మీద దారి తప్పినవాళ్ళ దగ్గరికి, కాలు బెణికినవాళ్ళ దగ్గరికి మందుల పెట్టె మోసుకుపోయేవి అవే. ఏడేళ్ళు నిండాయి. వాటిని తుక్కు కింద పంపి షోరూమ్‌లో కొత్తవి కొనాలా, లేక స్పానరమ్మ చేత పాతవాటినే బాగుచేయించుకోవాలా? దళం చీఫ్ ఒక పాత బైకును ఆమెకిచ్చి, ఏం మారుస్తావో మార్చుకో అన్నాడు. ఒక కొత్తదాన్ని షోరూమ్ నుంచి తెమ్మన్నాడు. రెండూ కొండ చుట్టూ రెండు రౌండ్లు తిరగాలి. చివరికి దేనిలో ఛార్జి ఎక్కువ మిగిలితే దానిదే గెలుపు. పద్నాలుగు బైకుల పని దొరికితే షాపు నిలబడుతుంది. లేకపోతే నెలాఖరుకి షట్టరు దించి, ఆమె వెళ్ళి ఆ షోరూమ్‌లోనే ఉద్యోగానికి నిలబడాలి.

షోరూమ్ మేనేజరు ఆ మాట పొద్దున్నే అననే అన్నాడు. "మీ సైజు టీషర్టు పక్కన పెట్టించానండీ. నీలం రంగు మీకు బాగుంటుంది."

"ఉంచండి, గ్రీజు తుడుచుకోవడానికి పనికొస్తుంది," అని నవ్వేసింది. ఇప్పుడా నవ్వు ఎక్కడా దొరకడం లేదు.

దళం ఆఫీసు ముందు రేకుల షెడ్డులో నలుగురున్నారు. స్పానరమ్మ, మామగారు, మేనేజరు, చీఫ్. చీఫ్ మీసాలు ఎంత పొడుగో ఆయన రూళ్ళ జాబితా అంత పొడుగు. మనిషి మంచివాడే. చేతులు మాత్రం ఖాళీగా ఉండలేవు. పెన్ను దొరికితే క్లిక్కుక్లిక్కుమనిపిస్తాడు, స్టేప్లరు దొరికితే గాలికే పిన్నులు కొడతాడు. ఈ పొద్దున అరచేతిలో ఏదో పసుపురంగు ముక్క పట్టుకుని రాసుకునే అట్ట మీద దరువు వేస్తున్నాడు.

"నలభై ఒకటి," అంది వాకీటాకీ. "వదినా, కొండ మీద టవర్ దగ్గరికొచ్చా. ఇక దిగుడే."

"దిగుడులో మోటారు ఆపేసి వదిలెయ్. బ్యాటరీ ఖర్చవదు."

రెండు నిమిషాల తర్వాత మళ్ళీ గొంతు. ఈసారి అందులో ఆశ్చర్యం. "వదిలేస్తే ఆగిపోతోంది!"

"ఏది?"

"సైకిలు! దిగుడులో పెడల్ తొక్కాల్సొస్తోంది. ఎప్పుడైనా విన్నావా?"

మామగారు తల పట్టుకున్నారు. మేనేజరు మర్యాదగా దగ్గి, జేబులోంచి దువ్వెన తీసుకున్నాడు. ఫొటో ఉంటుందేమోనని కాబోలు.

షోరూమ్ బైకు ముందొచ్చింది. తెర మీద అరవై ఆరు. స్పానరమ్మ దాన్ని తిట్టుకోలేకపోయింది. బ్యాటరీ ఫ్రేములోనే దాగి ఉంది, బరువు రెండు కిలోలు తక్కువ, తెర అరచేయంత. బావుంది, అబద్ధమెందుకు. కానీ గేర్లు మార్చే తీగ ఫ్రేము లోపలెక్కడినుంచో వెళ్తోంది. కొండ మీద అది తెగితే విప్పడానికి గంట పడుతుంది. ఆమె బైకులో అన్నీ పైకే కనిపిస్తాయి, ఐదు నిమిషాల్లో మారతాయి. పాత బ్యాటరీ పెట్టెలోనే కొత్త సెల్సు వేసింది. అరిగిన బేరింగులు మార్చి, వెడల్పాటి టైర్లు, పెద్ద బ్రేకులు పెట్టింది. రెండు బైకుల బ్యాటరీలూ ఒకే సామర్థ్యం. తన బైకు ఈ రెండు కిలోల తేడాకి ఓడిపోయేది కాదు.

మరదలు వచ్చేసరికి అంకె ముప్పై ఒకటి.

"రెండో రౌండుకి ఇది చాలదు," అంది హెల్మెట్ తీస్తూ. దళంలో చేరి ఆరేళ్ళయిన పిల్ల. ఎక్కని గుట్ట లేదు, నోటికి ఆగడం లేదు. "వదినా, ఏం పెట్టావ్ దీనికి? మోటారు పెట్టమంటే లంగరు పెట్టావా?"

"నోరు మూసి నీళ్ళిటివ్వు."

స్పానరమ్మ సీసాలోంచి నాలుగు చుక్కలు వెనక చక్రం బ్రేకు డిస్కు మీద చల్లింది. ఏమీ కాలేదు. ముందు డిస్కు మీద చల్లింది. చుయ్‌మని ఆవిరి లేచింది. డిస్కు అంచు నీలంగా కమిలిపోయి ఉంది.

"బ్రేకు పట్టేసింది," అంది. "మొత్తం కొండంతా బ్రేకు నొక్కి పెట్టుకునే ఎక్కావే. మోటారు బలమైనది కాబట్టి నీకు తెలియలేదు. బ్యాటరీకి తెలిసింది."

"ఎవరో చేశారు!" మరదలు గిర్రున మేనేజరు వైపు తిరిగింది. "చూశావా ఆ దువ్వెన?"

"దువ్వెనకీ బ్రేకుకీ ఏం సంబంధమండీ?" అన్నాడు మేనేజరు బెదిరిపోయి.

చీఫ్ గోడ మీద అంటించిన కాగితం వైపు చెయ్యి చూపించాడు. "నాలుగో రూలు చదువమ్మా."

ఆ రూలు పుట్టడానికి కారణం అందరికీ తెలుసు. కిందటేడు టార్చిలైట్లు పోల్చి చూసినప్పుడు ఇద్దరు వ్యాపారులు ఒకరి మీద ఒకరు 'ఎవరో చేశారు' అంటూ నాలుగు గంటలు అరుచుకున్నారు. అందుకే చీఫ్ రాసిపెట్టాడు. తనిఖీ మొదలైనప్పటినుంచి షాపువాళ్ళు కాని మనిషి చెయ్యి పడి లోపం వస్తే ఆ రౌండు రద్దు, నిండు ఛార్జితో మళ్ళీ మొదలు. కాకపోతే ఫిర్యాదు చేసినవాళ్ళు రుజువు చూపించి, ఆ మనిషెవరో వాకీటాకీలో దళం మొత్తం వినేలా చెప్పాలి. చెప్పలేకపోతే ఫలితం ఖాయం.

"పదిహేను నిమిషాల విరామం," అన్నాడు చీఫ్. "అందులో మూడు అయిపోయాయి."

"చక్రం విప్పాలి సార్. సీలు మీరే తియ్యాలి."

నిన్న సాయంత్రం షాపుకి తనిఖీకొచ్చి ఆయన చేత్తోనే అంటించిన సీలు అది. ముందు చక్రం ఇరుసు మీద ఒకటి, బ్యాటరీ మీద ఒకటి. ఆ తర్వాత బైకును దళం వ్యాన్‌లోనే తీసుకెళ్ళి ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. మేనేజరు ఆ గది గడప తొక్కలేదు. సీలు ఎక్కడా చిరగలేదు. అంటే పని జరిగింది సీలు వేయక ముందే. తన షాపులోనే.

చక్రం ఊడి వచ్చింది. లోపల డిస్కును రెండు వైపులా నొక్కే బ్రేకు ప్యాడ్లు దగ్గరికి జరిగిపోయి, మధ్య సందు కాగితమంత మిగిలింది. చక్రం లేనప్పుడు బ్రేకు లివరు నొక్కితే ఇలాగే అవుతుంది. పట్టుకోవడానికి డిస్కు లేక ప్యాడ్లు ముందుకొచ్చేస్తాయి, మళ్ళీ వెనక్కి పోవు.

స్పానరమ్మ మామగారిని చూసింది. నిన్న వెడల్పు టైరు ఎక్కించి ఈ చక్రం బిగించింది ఆయనే.

"మామయ్యా, నిన్న చక్రం ఎక్కించేటప్పుడు బిగుతుగా లేదూ?"

"ఉందమ్మాయీ," అన్నారాయన నేల చూపులు చూస్తూ. "కొత్త బ్రేకులు కదా అని ఓ గుద్దు గుద్దాను. దిగిపోయింది."

"గుద్దారా! నాన్నా, అది కొబ్బరికాయ కాదు!" అంది మరదలు.

"మరి మన బిళ్ళ ఏమైంది?" అడిగింది స్పానరమ్మ.

షాపులో అది తప్పనిసరి. చక్రం తీసిన మరుక్షణం ప్యాడ్ల మధ్య ఓ ప్లాస్టిక్ బిళ్ళ దూర్చాలి. అది ఉంటే లివరును రోజంతా నొక్కినా ప్యాడ్లు కదలవు. బిళ్ళలు పోతుంటాయని, బైకులు నిలబెట్టి బాగుచేసే ఒక్కో స్టాండుకి ఒక్కో బిళ్ళ కేటాయించి, దాని మీద ఆ స్టాండు అంకె మేకుతో గీసి పెట్టుకుంది ఆమె.

"పెట్టాను. నీ మీద ఒట్టు," అన్నారు మామగారు. "టైరు ఎక్కించుకుని వచ్చి చూస్తే లేదు. నువ్వు తీశావనుకున్నా."

"నేను లోపల మోటారుని కంప్యూటరుకి తగిలించే తీగ వెతుక్కుంటున్నా. నేను తియ్యలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. టైరు ఎక్కిస్తున్న ఆ పావుగంటా బైకు దగ్గర తనిఖీ పేరుతో నిలబడ్డది ఒక్కరే. ఫోన్లో మాట్లాడుతూ, ఎడమ చేత్తో ఫోను, కుడి చేత్తో...

చటుక్కున స్పానరమ్మకి కిటికీలోంచి కనబడిన దృశ్యం గుర్తొచ్చింది. బ్రేకు నొక్కు, వదులు, నొక్కు, వదులు. బిళ్ళ ఉందిలే, ఏం కాదు అనుకుని తను మళ్ళీ తీగ వెతుకులాటలో పడింది.

వెనకనుంచి అట్ట మీద దరువు వినిపిస్తోంది. టక్కుటక్కు, టక్కుటక్కు. ఆమె మెల్లగా తిరిగి చూసింది. పసుపురంగు ముక్క.

అది తమ షాపు బిళ్ళే.

మామగారూ అటే చూశారు. కోడలి దగ్గరికి జరిగి గుసగుసగా అన్నారు. "అమ్మాయీ, నా పేరు చెప్పెయ్. గుద్దింది నేనే కదా. రేపు పని ఇవ్వాల్సింది ఆయనే. ఆయన్ని దళంలో పద్నాలుగు మంది ముందు..."

"మీరు మన షాపు మనిషి మామయ్యా. మీ పేరు చెబితే రౌండు రద్దవదు."

"పోనీ ఆ దువ్వెనగాడి పేరు చెప్పు వదినా," అంది మరదలు ఇంకా చిన్నగా. "అందరూ నమ్ముతారు."

నిజమే, నమ్ముతారు. మేనేజరు నిలబడ్డ తీరే దొంగ తీరు. పాపం అతను ఏమీ చేయలేదు, పుట్టుకతో వచ్చిన నవ్వు అది. స్పానరమ్మ చదునైన ఇనుప పట్టీ తీసి ప్యాడ్ల మధ్య పెట్టి వెనక్కి నెట్టింది. చక్రం బిగించింది. వేలితో ఒక్క తోపు తోసింది. చక్రం చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది.

"రెండు నిమిషాలుంది," అన్నాడు చీఫ్. "ఫిర్యాదు ఉందా, లేదా?"

చక్రం తిరుగుతూనే ఉంది. ఏడేళ్ళ పాత చక్రం. ఎవరూ పట్టుకోకపోతే ఇంకో నిమిషం తిరిగేలా ఉంది. దాన్ని తుక్కు అని ఎలా ఒప్పుకుంటుంది?

"ఉంది సార్," అంది. "ముందు మీ చేతిలో ఉన్నది ఒకసారి ఇస్తారా?"

"ఇదా? ఎక్కడో జేబులో దొరికింది. చేతికి బాగుంది."

"నాకివ్వద్దులెండి. మీరే తిప్పి చూడండి. వెనక మూడు అని గీసి ఉంటుంది. మా మూడో స్టాండుది అది. నిన్న ఈ బైకు ఉన్నది ఆ స్టాండు మీదే."

దరువు ఆగింది. చీఫ్ బిళ్ళను వెలుతురు వైపు తిప్పాడు. కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు, కిందికి దించి చూశాడు. తర్వాత తన కుడి చేతిని, ఎవరిదో అన్నట్టు, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మీసాల కొసలు మెల్లగా కిందికి జారాయి.

"ఇదేంటి అని లాగి చూశాను," అన్నాడు చివరికి. "అంతలో ఫోనొచ్చింది."

"ఆ తర్వాత పావుగంట బ్రేకు నొక్కారు సార్."

"పావుగంటా?"

"మీ ఆవిడ గారి ఫోనేమో సార్," అన్నారు మామగారు జాలిగా. మేనేజరు కిసుక్కున నవ్వి, వెంటనే దువ్వెన నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

చీఫ్ గోడ మీది కాగితం చూశాడు. తను రాసిన రూలు, తన సంతకం, కింద రెండు గీతలు. పెద్దగా ఊపిరి పీల్చి వాకీటాకీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేనే చెప్పుకుంటే రూలు ఒప్పుకోదమ్మా. ఫిర్యాదు చేసినవాళ్ళే చెప్పాలని రాశాను. గట్టిగా చెప్పు, కొండ మీద గాలి ఎక్కువ." అని, సెల్యూట్ కొట్టించుకునేవాడిలా నిటారుగా నిలబడ్డాడు. అప్పటికే కుడి చెయ్యి పక్కనున్న షోరూమ్ బైకు బ్రేకు మీదికి పోతోంది. మేనేజరు పరుగున వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

స్పానరమ్మ మీట నొక్కింది. కొండ మీద ఎక్కడెక్కడో పద్నాలుగు వాకీటాకీలు ఒక్కసారిగా గరగరలాడాయి.

"దళం వాళ్ళందరికీ. మొదటి రౌండు రద్దు. మా బైకు బ్రేకు పట్టేసేలా చేసిన మనిషి దొరికాడు," అంది. మరదలు రెండు చేతులతో నోరు మూసుకుంది. "మీ చీఫ్ గారు."